అరవై దగ్గర తప్పిన ముల్లు

ఉద్యోగంలో నేను చేసిన మంచి పనులు కొన్ని ఉన్నాయి. అడిగితే చెబుతాను గానీ వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. కొత్తగా పనుల్లో చేరిన మీలాంటివాళ్ళకు ఏమైనా పనికొస్తే, నేను చేసిన ఒక తప్పు పనికొస్తుంది. టైరులో గాలి ఎంత ఉందో కొలిచే గేజి దగ్గర జరిగిన తప్పు అది.

కోలారు బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చిన తర్వాత కేజీఎఫ్‌లో చేరినవాణ్ణి నేను. మా నాన్న బడిపంతులు. నన్ను గుమాస్తాను చేయాలని ఆయన కోరిక. నాకు గని ఇన్‌స్ట్రుమెంట్ షాపులో మెకానిక్ పని దొరికింది. లోపలికి గాలి పంపే కంప్రెసర్లకూ, మనుషులను దించే వైండింగ్ ఇంజన్లకూ గేజీలు ఉంటాయి. వాటిని విప్పి, తుడిచి, ముల్లు సరిచేసి మళ్ళీ బిగించడం నా పని. మా గేజి తప్పు చూపిస్తే భూమి లోపలున్న మనుషుల ప్రాణాలమీదికి వస్తుంది. ఆ భయంతో పాతికేళ్ళకు పైగా పని చేశాను. గని మూతపడేనాటికి నా వయసు యాభైకి దగ్గర పడింది.

ఆ తర్వాత వేమగల్ దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాను. పాతికమందికి మించని పనివాళ్ళు, రేకుల కప్పు. టైరు గేజీలు తయారుచేసి జిల్లాలోని స్పేర్‌పార్ట్స్ షాపులకు పంపేవాళ్ళం. ఓనరు ఇంజనీరు, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నన్ను చేర్చుకున్న రోజునే అందరినీ పిలిచి, "గోల్డ్ మైన్స్‌లో పని చేసిన చెయ్యి ఇది. ఈయన ఓకే అంటేనే గేజి బయటికి పోవాల" అన్నాడు. ఆ మాట నా తలకెక్కింది. తర్వాత జరిగినదానికి అది కూడా ఒక కారణమని ఇప్పుడు తెలుస్తోంది.

మా పనిలో మీరు తెలుసుకోవలసింది ఒక్కటే. ఫ్యాక్టరీలో ఒక మాస్టర్ గేజి ఉంటుంది. తయారైన ప్రతి గేజినీ దాని పక్కన బిగించి, రెండింటికీ ఒకే గాలి ఇచ్చి, ముల్లు ముల్లుకు సరిపోయేలా దిద్దుతాం. అంటే మాస్టర్ ఏం చెబితే అదే నిజం. ఆ మాస్టర్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఏడాదికోసారి బెంగళూరు లాబొరేటరీకి పంపుతాం.

ఒక ఏడు అది బెంగళూరునుంచి తిరిగొచ్చిన రెండు నెలలకు, మధ్యాహ్నం భోజనాల వేళ, దాన్ని శుభ్రం చేస్తుంటే నా చేతిలోంచి జారింది. సిమెంటు నేలమీద పడింది. షెడ్డులో ఎవరూ లేరు. తీసి చూస్తే అద్దం పగల్లేదు. ముల్లు మాత్రం సున్నా దగ్గరనుంచి వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంది. ముల్లు పీకి, సున్నా దగ్గర సరిగ్గా కూర్చోబెట్టాను. కాస్త గాలి ఇచ్చి చూశాను. బాగానే కదిలింది.

నిజానికి ఆ నిమిషమే దాన్ని బెంగళూరుకు పంపాలి. పంపితే పది రోజులు పని ఆగుతుంది, పెద్ద ఆర్డరు చేతిలో ఉంది. అంతకంటే ముఖ్యంగా, నేను జారవిడిచానని ఓనరుతో చెప్పాలి. గని చెయ్యి జారిందని ఎట్లా చెప్పడం? చెప్పలేదు.

ఆ తర్వాత రెండు నెలలకు ఉత్తరాలు మొదలయ్యాయి.

కొన్నవాళ్ళు ఉత్తరాలు రాయడం మాకు మామూలే. గేజి పెట్టెలో మా చిరునామా ఉన్న కార్డు ఒకటి పెట్టేవాళ్ళం. ఉత్తరాలు చూసే అమ్మాయిది కూడా కేజీఎఫే. ఇంట్లో తమిళం, బడిలో కన్నడం, వీధిలో తెలుగు. మూడు భాషల్లో ఏ ఉత్తరం వచ్చినా చదివి, ఫిర్యాదైతే నా బల్లమీద పెట్టేది. జవాబు నేనే ఒకటి తయారుచేసి కార్డుగా అచ్చు వేయించాను. 'టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. గేజిని వాల్వుమీద నిటారుగా నొక్కండి. మా ప్రతి గేజీ పరీక్ష జరిగిన తర్వాతే బయటికి వస్తుంది. లోపం గేజిలో లేదు, వాడకంలో ఉంది.' కింద నా సంతకం. ఎవరు రాసినా ఆ కార్డే పోయేది.

మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు కూడా తక్కువేం కాదు. రాబర్ట్‌సన్‌పేటనుంచి ఒక రిటైరైన హెడ్‌మాస్టరు, తన స్కూటరుకు ప్రతి ఆదివారం గాలి చూసుకుంటున్నాననీ, పెట్రోలు బంకు గేజికీ మా గేజికీ తేడా లేదనీ, ఇలాంటి కచ్చితత్వం దేశానికి అవసరమనీ రెండు పేజీలు రాశాడు. దాన్ని నేను గోడకు అంటించుకున్నాను.

ఒకరోజు ఆ అమ్మాయి రెండు కట్టలు తెచ్చి నా ముందు పెట్టింది.

"సార్, నేను ఊరికే ఏరి చూసినాను. స్కూటర్ వాళ్ళు ఒక్కరు కూడా కంప్లైంట్ రాయలే. ఈ కట్ట అంతా టెంపో, లారీ, పాల వ్యాన్ వాళ్ళే. ఎందుకు సార్ అట్ల?"

"స్కూటర్ వాళ్ళు చదువుకున్నవాళ్ళమ్మా. గుమాస్తాలు, టీచర్లు. గేజి ఎట్లా వాడాలో తెలుసు. లారీవాళ్ళకు ఇంతకాలం టైరును కాలితో తన్ని చూడటమే అలవాటు" అన్నాను.

ఆమె కట్టలవైపు చూసి, "అందరూ ఒకే మాట రాసినారు సార్. తక్కువ చూపిస్తా ఉండాది అని. తెలియనోళ్ళయితే తలా ఒక తప్పు చేయాల కదా?" అంది.

ఇరవై రెండేళ్ళ పిల్ల. నేను నవ్వి, కార్డులు పంపమన్నాను.

ముళబాగిలునుంచి ఒకామె అప్పటికే రెండు ఉత్తరాలు రాసింది. హైవే పక్కన పంచరు షాపు ఆమెది. భర్తకు నడుము పడిపోతే తనే టైర్లు విప్పి బిగిస్తోంది. రెండుసార్లూ కార్డే పోయింది. మూడోసారి ఉత్తరం లేదు. పాత ట్యూబు ముక్కలో చుట్టిన మా గేజి వచ్చింది. లోపల చీటీ: 'మీ వస్తువు మీరే పెట్టుకోండి.'

నాకు రోషం వచ్చింది. ఆ గేజిని మాస్టర్ పక్కన బిగించి, సున్నానుంచి ఎనభై పౌండ్ల దాకా గాలి ఇచ్చాను. రెండు ముళ్ళూ కవల పిల్లల్లాగా కలిసి నడిచాయి. ఎందుకు నడవవు? దాన్ని ఆ మాస్టర్ పక్కన పెట్టి దిద్దింది నేనే. ఆ ఆలోచన అప్పుడు రాలేదు. ఆమెకు బుద్ధి చెప్పాలనుకుని, మర్నాడు పొద్దున గేజి సంచిలో వేసుకుని ముళబాగిలు బస్సెక్కాను.

షాపు ముందు ఒక లారీ జాకీమీద ఉంది. ఆమె చీర చెంగు నడుముకు దోపి, ఇనుప కడ్డీతో టైరును కొట్టి వింటోంది. భర్త లోపల మంచంమీద కూర్చుని పానాలు అందిస్తున్నాడు. నేనెవరో చెప్పాను.

"ఓ, కార్డు పంపించే సార్ మీరేనా?" అంది. కోపం లేదు, గౌరవమూ లేదు. "రాండి, కూర్చోండి. ఈ చక్రం ఎక్కించి వస్తాను."

చక్రం ఎక్కించి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను గేజి తీసి, "ఇది ఫ్యాక్టరీలో మళ్ళీ చూశానమ్మా. సరిగ్గా ఉంది. మీరు టైరు వేడిగా ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టాను.

"వేడి, చల్ల నాకు తెలుసు సార్. పదకొండేండ్లాయ ఈ పని చేయబట్టి. ఇట్ల రాండి." గోడకు వేలాడుతున్న రెండు పాత గేజీలు తీసింది. వేరువేరు కంపెనీలవి. "ఈ లారీ రాత్రంతా ఈడే నిలబడి ఉండాది. టైరు చల్లగానే ఉండాది. మీ చేత్తోనే మీరే చూడండి."

నా చేత్తోనే చూశాను. మా గేజి అరవై చూపింది. ఆమె గేజీల్లో ఒకటి అరవై ఆరు, రెండోది అరవై ఆరున్నర.

"అవి పాతవమ్మా. పాతబడితే..."

ఆమె నా మాట పూర్తికానివ్వలేదు. టీ తాగుతున్న లారీ డ్రైవరును, "అన్నా, నీ గేజి ఒకతూరి ఇయ్యి" అని అడిగి తెచ్చింది. అదీ అరవై ఆరే చూపింది.

"ఇంగ ఇది చూడండి." పక్కన నిలబెట్టిన ఒక మోపెడ్ దగ్గరికి తీసుకుపోయింది. ఇరవై అయిదు. నాలుగు గేజీలూ ఇరవై అయిదే చూపించాయి. "చిన్న బండికి సరిగా చెప్తాది సార్. పెద్ద బండికి అబద్ధం చెప్తాది. ఎందుకో నాకు తెలీదు. అది చెప్పేవాళ్ళు మీరు. నేను కడ్డీతో కొడితే ఆ టైరు గంట మాదిరి మోగతాది, మీ ముల్లేమో ఇంగా గాలి పట్టు అంటాది. పాపం, చూసుకోలేనోళ్ళు పట్టిస్తారు కదా? ఎండలో ఈ రోడ్డుమీద ఆ టైరు ఏమవతాది?"

 సిమెంటు నేలమీద గేజి పడ్డ చప్పుడు చెవిలో వినిపించింది. పడినప్పుడు ముల్లు ఒక్కటే కాదు, లోపల ముల్లును తిప్పే లింకు కూడా కదిలిపోయింది. సున్నా దగ్గర సరిచేశాను కాబట్టి తక్కువ గాలిలో తేడా తెలియదు. గాలి పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. మెకానిక్ చదువు మొదటి ఏడాదిలోనే చెప్పే పాఠం అది. స్కూటర్ వాళ్ళు మెచ్చుకున్నది వాళ్ళ చదువువల్ల కాదు, వాళ్ళ టైర్లు చిన్నవి కాబట్టి.

ఆమె భర్త లోపలినుంచి, "సార్‌కు టీ చెప్పు" అన్నాడు. టీ వచ్చింది. తాగాను. "తప్పు మాదేనమ్మా" అని లేచాను. "సరే సార్" అని ఆమె ఇంకో చక్రం దగ్గరికి పోయింది.

ముళబాగిలునుంచి కోలారు, కోలారునుంచి వేమగల్. దారిలో ఎన్ని విధాలుగా ఆలోచించానో చెబితే మీకు నామీద ఉన్న కాస్త గౌరవం కూడా పోతుంది. ఎవరికీ చెప్పకుండా మాస్టర్‌ను బెంగళూరుకు పంపవచ్చు. ఏడాది పరీక్ష కాస్త ముందుగా చేయిస్తున్నామని చెప్పవచ్చు. ఇకమీదట వచ్చేవి సరిగ్గా ఉంటాయి. అమ్ముడుపోయినవి అరిగిపోతాయి. ఇదంతా ఆలోచించాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టెలు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు. అది చూసిన తర్వాత ఆలోచించడానికి వ్యవధి లేకపోయింది. నేరుగా ఓనరు గదిలోకి పోయాను.

"వ్యాన్ ఆపించండి. మాస్టర్ తప్పు చూపుతోంది. నేను కింద పడేసినాను" అన్నాను.

ఓనరు వ్యాన్ ఆపించి వచ్చి కూర్చున్నాడు. "ఎప్పుడు?"

"ఎనిమిది నెలలైంది."

ఓనరు ఆర్డర్ల పుస్తకం తెరిచి ఎనిమిది నెలలు వెనక్కి తిప్పాడు. తర్వాత, "ఆ పొద్దే చెప్పింటే నేనేం చేసేవాణ్ణని అనుకున్నారు?" అని అడిగాడు.   ఏమీ చేసేవాడు కాదు.

బెంగళూరు రిపోర్టు వచ్చింది. ముప్పై దాకా సరి, అరవై దగ్గర ఆరు తక్కువ. షాపులకు తిరిగే మా సేల్స్ మనిషి, ఫిర్యాదు చేసినవాళ్ళకు మాత్రం చడీచప్పుడు లేకుండా మార్చి ఇద్దామన్నాడు. ఓనరు నావైపు చూశాడు. నేను వీరుణ్ణి కాదు. "పెద్ద బండ్ల వాళ్ళవి తెప్పిద్దాం, స్కూటర్లవి ఉండనివ్వొచ్చు" అన్నాను. ఓనరు తల అడ్డంగా ఊపాడు. "స్కూటర్ ఆయన రేపు కారు కొనడా? తమ్ముడి టెంపోకి ఇయ్యడా? ఎనిమిది నెలల సరుకు మొత్తం వెనక్కి రావాల. మీరే పోయి తీసుకురావాల."

అలా రెండు నెలలు జిల్లా అంతా తిరిగాను. షాపులవాళ్ళు కొన్నవాళ్ళ గుర్తులు చెప్పేవాళ్ళు. ఇంటికి పోయి, తప్పు చెప్పి, పాతది తీసుకుని కొత్తది ఇవ్వడం. కొందరు తిట్టారు, కొందరు కాఫీ ఇచ్చారు. రాబర్ట్‌సన్‌పేట హెడ్‌మాస్టరుతో మాత్రం నా వల్ల కాలేదు. "నాది సరిగ్గా ఉంది. మంచిది తీసుకుపోయి చెడ్డది అంటగట్టాలని చూస్తున్నావు" అని తలుపు వేసుకున్నాడు. ఆయన గేజి ఆయన స్కూటరుకు సరిగ్గానే ఉంది మరి. ఏమనగలను?

ఉత్తరాలు చూసే అమ్మాయి తన ఫిర్యాదుల కట్టలోంచి ఒక్కొక్క చిరునామా రాసిచ్చేది. ఆ వరసలో శ్రీనివాసపురం దగ్గర ఒక మామిడి తోటల ఊరికి పోయాను. ఉత్తరం చక్కటి చేతిరాతలో ఉంది: 'గేజి చెప్పినట్టు గాలి పడితే బండి ఎగురుతా ఉండాది. స్టీరింగు తేలికైపోతాది. దయచేసి చూడండి.'

ఇంటి ముందు ఒక పికప్ బండి ఉంది. ఒక వైపు తలుపు సొట్టపడి ఉంది. అరుగుమీద కూర్చున్నాయన ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర వంకరగా అతుక్కుని ఉంది. నేను వచ్చిన పని చెప్పి, ఉత్తరం చూపించాను.

ఆయన ఉత్తరం చూసి, "ఇది నా తమ్ముడి రాత" అన్నాడు. ఇంట్లోకి పోయి ఒక కార్డు తెచ్చాడు. నా కార్డు, నా సంతకం. "వాడు గేజి సరిగా లేదు, గాలి తగ్గించి తోలతాను అన్యాడు. అంతలో ఇది వచ్చినాది. కంపెనీవాళ్ళే రాసినారు కదా, తెలిసినోళ్ళు, గేజి ప్రకారం గాలి పట్టు అని నేనే గట్టిగా చెప్పినాను. ఆ వారమే ఇద్దరం కాయ లోడుతో పోతా ఉంటే మధ్యాహ్నం ఎండలో ముందు టైరు పేలిపాయ. బండి పడిపాయ. నా చెయ్యి ఇట్లయిపాయ."

"తమ్ముడికి?"

"వానికేం కాలేదు. గేజి సరిగానే ఉండాదని కంపెనీ రాసినాది, ఇంగ తప్పు ఎవరిది? నువ్వు కండ్లు నెత్తికెక్కి తోలినావు అని ఊరందరి ముందర అన్యాను. ఆ పొద్దునుంచి వాడు బండి ముట్టలే. నాతో మాట్లాడలే. అయిదు నెలలాయ."

నేను జరిగింది మొత్తం చెప్పాను. పడేసింది, దాచింది, కార్డు అచ్చు వేయించింది. ఆయన నన్ను కొడతాడేమో అనిపించింది. కొట్టినా పడేవాణ్ణి. ఆయన కార్డును చేతిలో తిప్పుతూ, "ఈ మాట వానికి చెప్పు సార్. నేను చెప్తే వాడు వినడు" అన్నాడు.

తమ్ముడు వెనక షెడ్డులో పట్టుపురుగులకు ఆకు వేస్తున్నాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. చేతులు ఆపకుండా నేను చెప్పిందంతా విన్నాడు. చివరికి, "ఎన్ని పౌండ్లు తేడా?" అని మాత్రం అడిగాడు.

"అరవై దగ్గర ఆరు."

"నాకు ఏడు అనిపించినాది" అన్నాడు. మళ్ళీ ఆకు వేశాడు. క్షమించమని అడగాలని వచ్చినవాణ్ణి, అడిగాను. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డ అన్నవైపు ఒకసారి చూశాడు. అన్న కళ్ళు దించుకున్నాడు.

బస్సుకు టైమైంది. రెండు మైళ్ళు నడవాలి. "నేను దించుతాను రా సార్" అని అన్న పికప్ తాళాలు తీశాడు. ఆ చేత్తో ఎట్లా తోలుతాడో అనుకుంటూనే ఎక్కాను. బండి కదలబోతుండగా తమ్ముడు చేతులు దులుపుకుంటూ వచ్చి, నన్ను కిటికీ వైపు జరగమని సైగ చేసి, మధ్యలో కూర్చున్నాడు. 

ఊరు దాటాక ఎత్తు వచ్చింది. గేరు మార్చాలి. అన్న వంకర మణికట్టు తిరగలేదు. గేరు గరగరమంది, బండి నిలిచిపోయేలా వణికింది. ఆయన మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ గరగర.

తమ్ముడు రోడ్డునే చూస్తూ, గేరు రాడ్డుమీదున్న అన్న చేతిని పక్కకు జరిపి తన చెయ్యి వేశాడు.

"క్లచ్చి తొక్కు, అన్నా" అన్నాడు.

అన్న తొక్కాడు.